నల్ల నాలుక భాయ్

"నల్ల నాలుక భాయ్ పోయినాడంట మేడమ్. ఇంక ఈ రోడ్డు మీద ఎవురూ పడరులే," అన్నాడు మా బడి ముందు టీ బంకు అతను, గ్లాసు నా చేతికిస్తూ. పక్కన నిలబడ్డ లారీ డ్రైవరు నోటి నిండా బజ్జీతోనే నవ్వాడు. బజ్జీ ముక్క ఒకటి అతని గడ్డం మీద పడింది. నేను టీ పారబోసి బడిలోకి వెళ్ళిపోయాను.

ఆ నవ్వు చూసి అసహ్యం వేసింది. అయితే ఆ పేరు ఆయనకు ఎలా వచ్చిందో ఆ బంకు అతనికంటే, ఆ డ్రైవరుకంటే నాకే బాగా తెలుసు. నాకు తెలుసు కాబట్టే ఆ అసహ్యం వాళ్ళ దగ్గర ఆగలేదు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళను మంచివాళ్ళను చేయడం మనకు అలవాటు. ఆయన మంచివాడో కాదో నాకు తెలియదు. ఎక్కడ పుట్టాడో, ఏం చదివాడో, ఎన్ని కష్టాలు పడ్డాడో కూడా తెలియదు. పదకొండేళ్ళపాటు ఆయన టైర్లు చూస్తుంటే నేను చూశాను. ఆ చూసిందే రాస్తాను.

నేను తెలుగు టీచర్ని. నెల్లూరులో ఉంటూ ముత్తుకూరు దగ్గర ఒక బడికి రోజూ స్కూటర్ మీద వెళ్తాను. అది కృష్ణపట్నం పోర్టుకు పోయే దారి. బొగ్గు లారీలు, పవర్ ప్లాంటు బూడిద ట్యాంకర్లు, కంపెనీ బస్సులు తెల్లవారకముందే మొదలవుతాయి. మంచు పడిన రోజున బూడిద, తడి కలిసి రోడ్డు మీద సబ్బు పూసినట్టు ఉంటుంది. బడికి చేరేసరికి చీర కుచ్చిళ్ళలో బూడిద, పళ్ళ మధ్య బూడిద. ఆ దారిలో సగం దూరంలో భాయ్ రేకుల షెడ్డు. బోర్డు లేదు. ఒక కంప్రెసర్, ఒక నీళ్ళ తొట్టి, నీడలో వరసగా నిలబెట్టిన నాలుగైదు కొత్త టైర్లు. అంతకు మించి నిల్వ పెట్టేవాడు కాదు. ఎండకు పెట్టిన టైరు అమ్మకముందే ముసలిదవుతుందని ఆయన నమ్మకం. ఇంగ్లీషు చదవడం రాకపోయినా, టైరు పక్క గోడ మీద ఉండే నాలుగంకెలు మాత్రం ఆయనకు తెలుసు. ఏ వారంలో, ఏ సంవత్సరంలో పోతపోశారో చెప్పే అంకెలవి. సరుకు తెచ్చినవాడి ముఖం చూడకుండా ముందు ఆ అంకెలు చూసి, పాతవైతే కాలితో అవతలికి నెట్టేవాడు.

మనుషుల ముఖాలూ చూసేవాడు కాదు. బండి ఆగగానే వెనక చక్రం ముందు గొంతుక్కూర్చుని, టైరు మీద అరచేయి గుండ్రంగా తిప్పి, ఆ చేతిని చూసుకుని, వాసన చూసేవాడు. అప్పుడు ఆయన మూతి ఒక పక్కకు వంకరపోయేది. అన్నంలో వెంట్రుక వచ్చినవాడి ముఖంలా ఉండేది. "ఛీ," అనేవాడు. బండి యజమాని అమాయకంగా "ఏంది భాయ్?" అంటే, "ఏం లా. నీ పెండ్లాం బిడ్డల్ని దీని మీద తిప్పతావుండావే, సిగ్గు లేదా అని," అనేవాడు. బేరం అక్కడ మొదలయ్యేది.

టైరు సైజు అడిగే ముందు ఆయన అడిగే మాట ఒకటి ఉంది. "ఏం మోస్తావు?"

దానికి ఎవరూ నిజం చెప్పరని ఆయన అనేవాడు. గాలి కంటికి కనిపించదు, బరువు బండికి తప్ప ఎవరికీ తెలియదు, కాబట్టి ఈ రెండింటి మీద మనుషులు ఆడినన్ని అబద్ధాలు పోలీసుల దగ్గర కూడా ఆడరని. ఒకసారి పవర్ ప్లాంటులో పనిచేసే ఒకతను వచ్చి, "ఇద్దరమే భాయ్, నేనూ మా ఆవిడా," అన్నాడు. భాయ్ లేవలేదు. "అట్టనా. మరి ముందర ఈ చిన్న కుర్చీ ఎవురికి? ఈ కొక్కేనికి సంచీ తగిలించిన గీతలు ఎవురియి?" అన్నాడు. "ఆదివారం అందర్నీ తీసకరా. బండెక్కి కూర్చోండి. అప్పుడు కొడతా గాలి." ఆదివారం నేను లేను గానీ వాళ్ళు వచ్చారట. మొగుడు, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, కాళ్ళ దగ్గర బియ్యం మూట. అందరినీ ఎక్కించి, చెంప నేలకు ఆనేంత వంగి, వెనక టైరు ఎంత ఉబ్బుతోందో చూసి గాలి పెట్టాడట. "ఫొటో తీస్తాడనుకున్నాం మేడమ్," అని తర్వాత ఆ మనిషే నాతో చెప్పి నవ్వాడు. ఇప్పటికీ ఆ కుటుంబం ఆ దారిలో కనిపిస్తుంది.

బొటనవేలితో నొక్కి "గాలి ఉందిలే" అనేవాళ్ళంటే ఆయనకు అసహ్యం. కాలితో తన్ని చూసేవాళ్ళంటే మరీ. మైలేజీ వస్తుందని మధ్యాహ్నం ఎండలో, బండి కాలిపోతుండగా, పెట్రోలు బంకులో గాలి నింపించుకుని వచ్చేవాళ్ళను లోపలికే రానిచ్చేవాడు కాదు. "కాగిన పాలు కొలిస్తే ఎంత ఉంటాయి, చల్లారినాక ఎంత ఉంటాయి? పో. పొద్దున్నే రా. బండి చల్లగా ఉన్నప్పుడు రా." కంప్రెసరుకున్న గాలి కొలిచే గడియారాన్ని నమ్మేవాడు కాదు. ఆయన కొలత పరికరం వేరే. పెన్ను లాంటిది, గుడ్డలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకునేవాడు.

టైరు ఎంచుకోవడానికి వచ్చినవాళ్ళతో గొడవలు మరో రకం. లావు టైరు వేస్తే బండి బాగుంటుందనేవాళ్ళు కొందరు. "బండికేసేది బండికి రాసిన సైజే. నీ కాలికి మీ నాయన చెప్పు వేసుకోని పరిగెత్తు చూస్తాం." ఎక్కువ కాలం మన్నే గట్టి టైరు కావాలనేవాళ్ళు కొందరు. ఆయన ఈ దారికి మెత్తటి రబ్బరే వేయించేవాడు. తొందరగా అరుగుతుంది, కానీ తడి బూడిద మీద పట్టు తప్పదు. "టైరు అరగాల. అది అరక్కపోతే నువ్వు అరగతావు," అనేవాడు. ఇది విని నవ్వినవాళ్ళున్నారు. ఆయన నవ్వించడానికి అనలేదు.

నన్ను మొదటిసారి తిట్టింది గాలి విషయంలోనే. నాకు చదివే జబ్బు ఉంది. మందు చీటీల నుంచి బిస్కెట్ పొట్లాల దాకా చదువుతాను. ఆ రోజు టైరు పక్క గోడ మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న గాలి అంకె చదివి, "నలభై ఒకటి పెట్టండి భాయ్. దీని మీదే రాసి ఉంది," అన్నాను. నా గొంతులో టీచరుతనం ఉండే ఉంటుంది.

ఆయన నా ముఖం చూశాడు. అదే మొదటిసారి చూడటం.

"అది చావు లెక్కమ్మా," అన్నాడు. "దానికి మించి పెడితే చస్తాదని రాసినారు. అంతే పెట్టమని కాదు. నీ బండికి ముందర ఇరవై రెండు, ఎనక ఇరవై తొమ్మిది. ఎవుర్నన్నా ఎక్కించుకుంటే ఎనక ముప్పై ఆరు. అది బండోళ్ళే రాసినారు, ఈడ, సీటు కింద కాయితంలో. అది చదవలా నువ్వు?"

పక్కన ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ కాగితం అక్కడుందని అప్పటివరకు నాకు తెలియదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నేను అవమానంతో బండి ఎక్కి వెళ్ళిపోయాను. ఆ అవమానాన్ని చాలాకాలం దాచుకున్నాను. తర్వాత జరిగినదానికి అది కొంత కారణమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పోలమ్మది సముద్రం ఒడ్డున ఒక చేపల పల్లె. నలభై ఏళ్ళుంటాయి. తెల్లవారుజామున పడవల దగ్గర చేప వేలంలో పాడుకుని, ఐసు పెట్టెల్లో సర్ది, పాత స్కూటర్ మీద వెనక ఒక పెట్టె, కాళ్ళ దగ్గర ఒక పెట్టె పెట్టుకుని నెల్లూరు తీసుకుపోయి వీధుల్లో అమ్మేది. ఆ పల్లెలో అలా బండి మీద చేప అమ్మే ఆడవాళ్ళు ఏడెనిమిది మంది ఉన్నారు. పోలమ్మే అందరికంటే ముందు బండి నేర్చుకుందని చెప్పేవారు. నేను బడికి వెళ్ళేటప్పుడు తను నెల్లూరు వైపు ఎదురొచ్చేది. హారన్ కొట్టి తల ఊపేది. అంతవరకే మా పరిచయం.

ఒకరోజు ఉదయం ఎనిమిది దాటింది. నేను గాలి కోసం భాయ్ దగ్గర ఆగాను. పోలమ్మ వచ్చింది. వెనక టైరు గుండులా నున్నగా ఉంది, గాలి దిగిపోతోంది. ముందు పెట్టె మీద ఒక టైరు తాడుతో కట్టి ఉంది. నల్లగా నిగనిగలాడుతోంది. ముందు రోజు సాయంత్రం నెల్లూరులో ఎవరి దగ్గరో తక్కువకు కొన్నదట.

"బిన్నె ఎక్కించు భాయ్. ఐసు కరిగిపోతావుండాది."

పెట్టెల కింద నుంచి చేప నీళ్ళు కారి షెడ్డు నేల మీదికి వస్తున్నాయి. ఈగలు అప్పుడే మూగాయి. భాయ్ టైరు అందుకుని అరచేయి తిప్పి వాసన చూశాడు. తర్వాత బొటనవేలి గోరు గాడిలో పెట్టి లాగాడు. మూతి వంకరపోయింది.

"కోసిన టైరు ఇది."

"కోసిందేంది? కొత్తది. చూడు ఎట్ట మెరస్తా ఉండాదో."

"చచ్చినోడికి కూడా నీళ్ళు పోస్తారు. వాడి మొఖం కూడా మెరస్తాది."

పోలమ్మ చేయి నడుము మీదికి వెళ్ళింది. "పొద్దున్నే, బోణీ కాకముందే, చావు మాటలు మాట్లాడతావేంది సాయిబూ? నోరా అది, మోరీనా?"

కోసిన టైరు అంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు. తర్వాత తెలుసుకున్నాను. పూర్తిగా అరిగిపోయి పారేసిన టైరుకు వేడి కత్తితో మళ్ళీ గాళ్ళు కోస్తారు. పైన నల్ల పాలిష్ పూస్తారు. చూపులకు కొత్తది. గాడి అడుగున ఉండాల్సిన రబ్బరు ఉండదు. పలచని పొర, దాని కింద దారాలు. దాన్ని అమ్మేవాడికి తెలుసు. ఆ టైరు మీద ఎవరు కూర్చుంటారో, ఏ దారిలో పోతారో కూడా తెలుసు. అయినా పాలిష్ పూసి, గుడ్డతో తుడిచి, దండెం మీద వేలాడదీస్తాడు. ఇంతకంటే నీచమైన పని మనుషులు చేయరని కాదు. ఇంత శ్రద్ధగా చేయడమే నాకు అసహ్యం.

పోలమ్మ నా వైపు తిరిగింది. "టీచరమ్మా, నువ్వు చదువుకున్నదానివి. దీని మీద ఏం రాసుందో చదివి చెప్పు. కొత్తదా కాదా?"

నేను టైరు తిప్పి చదివాను. సైజు సరిపోయింది. కంపెనీ పేరున్నదే. ట్యూబు లేనిదని రాసి ఉంది. గాడి లోతుగా ఉంది. నాలుగంకెల సంగతి నాకు గుర్తే రాలేదు. గంట కొట్టే టైము అవుతోంది. ఇవన్నీ సాకులు. అసలు సంగతి, ఆ మనిషి ముందు ఒకసారి నేను చదివింది చెల్లాలని నాకు ఉంది.

"సైజు సరిగ్గానే ఉంది. మంచి కంపెనీ. కొత్తదే పోలమ్మా," అన్నాను.

భాయ్ టైరును మెల్లగా నేల మీద పెట్టాడు. "చదువుకున్నోళ్ళు చెప్పినాక నేనెవుర్ని," అన్నాడు. తర్వాత పోలమ్మతో అన్నాడు. "నేను ఎక్కియ్యను. ఇది ఏసుకోని ఆ పెట్టెలు మోసినావంటే పది దినాలు తిరగవు. పడతావు. రాసి పెట్టుకో."

"నీ నోట్లో మన్ను బడ!" అని పోలమ్మ కారే నీళ్ళలోనే ఉమ్మి, బండి నెట్టుకుంటూ పోయింది. అర కిలోమీటరు అవతల ఇంకో షెడ్డులో ఎక్కించుకుంది.

ఎనిమిదో రోజున పడింది.

నేను ఎదురుగా వస్తున్నాను. బ్రిడ్జి దిగే చోట జనం ఉన్నారు. బూడిద ట్యాంకరు ఒకటి అడ్డంగా తిరిగి ఆగి ఉంది. పోలమ్మ రోడ్డు పక్కన పడి ఉంది. కుడికాలు మోకాలి కింద తిరగకూడని వైపు తిరిగింది. రోడ్డంతా కానాగంత చేపలు, ఐసు ముక్కలు. నేను బండి స్టాండు వేసేలోపు చూశాను. ఇద్దరు మనుషులు సంచుల్లోకి చేపలు ఏరుకుంటున్నారు. ఒకడు పెద్దవి ఏరి చిన్నవి వదిలేస్తున్నాడు. నేను అరిచాను. "ఎట్టా పాడయిపోయేయే గదా మేడమ్," అన్నాడు వాడు, సంచీ మూతి కట్టుకుంటూ.

వెనక చక్రం ఇంకా కొద్దిగా తిరుగుతోంది. టైరు గాడి వెంబడే విచ్చుకుంది, కత్తి పెట్టిన గీత వెంబడే. లోపలి దారాలు కొబ్బరి పీచులా బయటికి వచ్చాయి. అది చూడగానే నాకు అర్థమైంది. ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆటోలో నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పోలమ్మ తల నా ఒళ్ళో ఉంది. చీరంతా నెత్తురు, చేప నీళ్ళు. దారి పొడవునా పళ్ళు బిగించి ఒకటే మాట. "సాయిబు నోరు తగిలింది టీచరమ్మా. పడతావన్నాడు. పడినా. నల్ల నాలుక నా కొడుకుది."

అప్పుడు నేను చెప్పాల్సింది. అది నోరు కాదు, టైరు అని. ఆయన శపించలేదు, ముందే చెప్పాడు అని. కొత్తదని చెప్పింది నేనని. నొప్పితో ఉన్న మనిషికి ఇప్పుడెందుకు అనుకున్నాను. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు వార్డులో ఆమె బంధువులు పదిమంది ఉన్నారు. అందరూ నాకు దండం పెట్టారు. టీచరమ్మ లేకపోతే ప్రాణం పోయేదని. నేను ఆ దండాలు తీసుకుని ఇంటికి వచ్చాను.

నెల తిరిగేసరికి నల్ల నాలుక అన్న మాట పల్లె దాటింది. చేపల వాళ్ళు భాయ్ దగ్గరికి రావడం మానేశారు. పోర్టు వాళ్ళు, ప్లాంటు వాళ్ళు వచ్చేవాళ్ళు గానీ, బండి దిగుతూనే, "భాయ్, గాలి కొట్టు. మాట మాత్రం చెప్పబాక," అనేవాళ్ళు. సగం ఎగతాళి, సగం నిజం. కొత్త బండి కొన్నవాడొకడు గూడూరు నిమ్మకాయలు హ్యాండిలుకు కట్టుకుని మరీ వచ్చాడు. ఆయన ఎదుటే ఇంకో కాయ చక్రం కింద పెట్టి తొక్కించాడు. భాయ్ ఆ పిప్పిని చీపురుతో ఊడ్చి, గాలి కొట్టి పంపాడు.

భాయ్ పనంతా నోటిలోనే ఉండేది. పంపు ఎవరి దగ్గరైనా ఉంటుంది. "ఏం మోస్తావు?" అని అడగడం మానేశాడు. టైరు బాగా లేకపోతే ఆ చోట సుద్దముక్కతో గీత గీసేవాడు. బండి వాడు ఆ గీతను చెప్పు కాలితో తుడిచేసుకుని పోయేవాడు. నేను కళ్ళారా చూశాను, ఒకసారి కాదు.

ఆ రోజుల్లోనే నా టైరు మార్చడానికి వెళ్ళాను. నిజానికి మాట్లాడాలని వెళ్ళాను. ఆయన నన్ను దగ్గరికి పిలిచి, కొత్త టైరు గాడిలో వేలు పెట్టి చూడమన్నాడు. గాడి అడుగున అక్కడక్కడా చిన్న గట్లు తగిలాయి.

"అచ్చులోనే పోసుంటారు ఈ గట్టు. పైన రబ్బరు దీని మట్టానికి అరిగితే మార్చాల. కోసేటోడి కత్తికి ఇది అడ్డమొస్తాది. దీన్ని కూడా కోసేస్తాడు. ఏలు పెడితే గట్టు తగలకపోతే అది కోసిన టైరు. దీనికి చదువు అక్కర్లా."

అంత సుళువు. నేను తల వంచుకుని, "పోలమ్మకు నేను చెప్తాను భాయ్. తప్పు నాదని చెప్తాను," అన్నాను.

"నా సంగతి చెప్పబాక, ఆ కాలు తిరిగొస్తాదా," అన్నాడు. "ఈ గట్టు సంగతి చెప్పు. ఆమె నా నోరనుకుంటా ఉండాది. టైరని తెలీదు. మళ్ళా అట్టాంటిదే కొంటాది."

ఆయన నాతో అంత పొడుగ్గా మాట్లాడింది అదే చివరిసారి.

నేను చెప్పలేదు. పోలమ్మ కాలు అతుక్కుంది, కొంచెం కుంటుతో. మళ్ళీ బండి ఎక్కింది. దారిలో కనిపిస్తే ఆపి, ఆకులో చుట్టి నాకు చేపలు ఇచ్చేది. వద్దన్నా వినేది కాదు. "ప్రాణం పోసినదానివి," అనేది. ఈ మాట విన్నాక ఎవరైనా నోరు తెరిచి, నువ్వు పడటానికి కారణం నేనే అని చెప్పగలరా అని నన్ను నేను ప్రశ్నించుకునేదాన్ని. చెప్పగలరు. నేను చెప్పలేదు. ఆ చేపలు ఇంటికి తీసుకెళ్ళి పులుసు పెట్టుకుని తిన్నాను. మూడేళ్ళు తిన్నాను. రుచిగా ఉండేవి కూడా.

భాయ్ గుండె ఆగి పోయాడు. తెల్లవారి నమాజుకు లేవబోయి పక్కకు ఒరిగాడట. టీ బంకు అతను చెప్పిన రోజు సాయంత్రం బడి నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికే ఖననం అయిపోయింది. ఆడవాళ్ళు చాప మీద కూర్చుని ఉన్నారు. షెడ్డు దగ్గర అప్పుడప్పుడు కనిపించే ఆయన భార్య నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. "భాయ్ ఈమధ్య బాగా తక్కువ మాట్లాడేవారు," అన్నాను.

"ఇంట్లోనూ అంతే మేడమ్," అంది ఆమె. "ఏమన్నా అంటే జరగతాదేమోనని భయం. పోయిన వానాకాలం మనవరాలికి జొరమొచ్చింది. ఒళ్ళు కాలిపోతావుండాది. ఆస్పత్రికి తీసకపోండి అని కూడా అనలా. లేచి చెప్పులేసుకోని వాకిట్లో నిలబడ్డాడు. మేమే అర్థం చేసుకోవాల."

నేను అప్పటివరకు ఆయన జనం మూఢనమ్మకాన్ని సహించాడని అనుకున్నాను. ఆయన కూడా దాన్ని నమ్మాడని నాకు తెలియదు. టైర్ల గురించి అంత తెలిసిన మనిషి, ఎవరి మాటా లెక్కచేయని మనిషి, అది టైరేనని నాతో అన్న మనిషే, వినగా వినగా తన నోరే ఒక ఆడమనిషి కాలు విరగ్గొట్టిందని నమ్మి, మూడేళ్ళు నోరు మూసుకుని బతికాడు. నిజం తెలిసినదాన్ని నేను, ఆయన షెడ్డు ముందు నుంచి రోజూ రెండుసార్లు స్కూటర్ మీద పోతూ వస్తూ ఉన్నాను.

మర్నాడు సెలవు పెట్టాను. పోలమ్మ నెల్లూరులో ఒక సందు మలుపు దగ్గర చెట్టు లేని ఎండలో గోనెపట్టా వేసుకుని కూర్చుంటుంది. పక్కన ఆ పల్లె ఆడవాళ్ళే ఇంకో నలుగురు. వాళ్ళ వెనక గోడకు వరసగా బండ్లు. నేను వెళ్ళేసరికి పోలమ్మ ఎవరికో సొరచేప ముక్కలు కోస్తోంది.

"రా టీచరమ్మా. ఈ పొద్దు బడి లేదా?"

నేను నేరుగా ఆమె బండి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. వెనక టైరు కొత్తగా ఉంది, నల్లగా, నిగనిగగా. గాడిలో వేలు పెట్టి చుట్టూ తిప్పాను. ఎక్కడా ఏమీ తగల్లేదు. వేలికి నల్ల పాలిష్ అంటుకుంది.

"ఏం చూస్తావుండావు?"

"ఇది ఎప్పుడు వేయించావు?"

"మొన్ననే. ఏం?"

చెప్పాను. ఆ టైరు పక్కనే కూర్చుని చెప్పాను. ఇది కోసిన టైరని. ఆ రోజుదీ ఇలాంటిదేనని. భాయ్‌కి అది వేలు పెట్టగానే తెలిసిందని, పడతావని అన్నది అందుకేనని. నాకు ఏమీ తెలియకుండానే కొత్తదని చెప్పానని. నువ్వు పడిన రోజున, ఆ టైరు చూసినప్పుడే నాకు తెలుసని.

పోలమ్మ కత్తిపీట మీద కాలు తీయలేదు. చేతిలో సొర ముక్క అలాగే ఉంది. చేప కొనడానికి వచ్చిన ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"ఆటోలో నా తలకాయ నీ ఒళ్ళో ఉండాదే, అప్పుడు?"

"అప్పుడు కూడా."

"నేను ఆయన్ని పచ్చి బూతులు తిడతావుంటే ఇంటావున్నావు."

నేను టైరు మీద నుంచి చేయి తీసేశాను.

"ఆయన పోయినాక వచ్చినావు. ఇంకెవురికి చెప్పేది?" అంది పోలమ్మ. గొంతు పెంచలేదు. సొర ముక్క తూకంలో వేసింది, తూచింది, ఆ మనిషి సంచీలో వేసి పంపేసింది. చేతులు గోనెకు తుడుచుకుని లేచి, కుంటుతూ వచ్చి నా పక్కన కూర్చుంది. "యాడ తగలాల? చూపీ."

ఆమె వేలు పట్టుకుని గాడిలో పెట్టాను. చేప పొలుసులు అంటిన వేలు. చుట్టూ తిప్పించాను. తర్వాత నా బండి దగ్గరికి తీసుకెళ్ళి, నా టైరు గాడిలో పెట్టించాను. గట్టు తగలగానే ఆమె చేయి ఆగింది. ఇంకో గట్టు తగిలేదాకా వేలు జరుపుకుంటూ పోయింది.

"దీని మీద ఇంటికి పోవచ్చా?" అంది తన బండి చూపించి.

"పోకూడదు. ఖాళీగా కూడా పోవద్దు. ఇక్కడే వదిలెయ్. మంచి టైరు వేయించాకే ఎక్కు."

పోలమ్మ లేచింది. మిగతా నలుగురు ఆడవాళ్ళు అప్పటికే బేరాలు వదిలి ఇటే చూస్తున్నారు. వాళ్ళ నాలుగు బండ్లూ మా వెనకే ఉన్నాయి. రెండింటి టైర్లు మెరుస్తున్నాయి.

"ఇట్ట రాండే అందరూ," అని కేకేసింది. "ఈ టీచరమ్మ ఏం చెప్తాదో ఇనండి."

వాళ్ళు వచ్చారు. చేప కొనేవాళ్ళు కూడా ఆగారు. పక్క పూల కొట్టు మనిషి తల బయట పెట్టింది. ఎండ నెత్తిన ఉంది, ముక్కు నిండా చేప వాసన. నేను చెప్పాను. ఏ టైరో, ఏ గట్టో, ఎవరు చెప్పింది నిజమో, ఎవరు చెప్పింది అబద్ధమో. ముప్పై మంది పిల్లలకు వినిపించే నా గొంతు ఆ నలుగురికి అందలేదు.

"ఏంది మే అంటావుండాది? సాయిబుది నల్ల నాలుక కాదంటాదా?" అంది చివర నిలబడ్డ ముసలామె, చెవి దగ్గర చేయి పెట్టుకుని.

పోలమ్మ నా వైపు చూసింది. ఆ ముఖంలో జాలి ఏమీ లేదు.

"మళ్ళా చెప్పు," అంది. "గట్టిగా చెప్పు. ఎనకున్నోళ్ళకి ఇనపళ్ళా."